ట్యాంకు నెత్తిన కన్ను: నాలుగేళ్లు ఆడిన తరువాత సెన్సర్ల గురించి, నియమాల గురించి

ఒంగోలులో మేము ఏడుగురు మిత్రులం 1/16 కొలత (అసలు ట్యాంకులో పదహారో వంతు) రిమోటు ట్యాంకులతో పోరు ఆడటం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. ముగ్గురు చొప్పున రెండు జట్లు, మిగిలినవారు రిఫరీ. నా దగ్గర రెండో ప్రపంచయుద్ధపు ట్యాంకుల నమూనాలు మూడున్నాయి: ఒక టైగర్, ఒక టి-34, ఒక షెర్మన్; మూడూ బయటినుంచి తెప్పించుకున్న తయారీలే, లోపల ట్యాంకును నడిపే సర్క్యూట్ బోర్డులు మాత్రం తరువాత మార్చినవి. వాటి అందం గురించి, ఇంజను శబ్దం గురించి ఇక్కడ రాయబోవడం లేదు. టరెట్ మీద, అంటే ఫిరంగితో పాటు తిరిగే పైభాగం మీద, బొటనవేలంత ఎత్తున నిలబడి దెబ్బలు లెక్కపెట్టే సెన్సర్ గురించీ, దానిని నమ్ముకుని మేము రాసుకున్న నియమాల గురించీ మాత్రమే రాస్తున్నాను. ఎందుకంటే మా మధ్య వచ్చిన తగాదాలన్నీ “నేను కొట్టాను కదా, నీకెందుకు తగల్లేదు?” అన్న దగ్గరే పుట్టాయి, వాటికి జవాబు ప్రతిసారీ వెలుతురులోనో, గోడ రంగులోనో, తీగ అతుకులోనో దొరికింది.

తెలియనివారి కోసం పని తీరు చెబుతాను. ఫిరంగి గొట్టంలో కంటికి కనపడని పరారుణ కాంతినిచ్చే ఎల్‌ఈడీ ఒకటి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరే కాంతిని ఒక నిర్ణీతమైన వరుసలో విడతలు విడతలుగా పంపుతుంది. ఎదుటి ట్యాంకు సెన్సర్‌లోని రిసీవరు ఆ 38 కిలోహెర్ట్జ్ కాంతిని మాత్రమే ఏరుకుని, ఆ వరుస సరైనదైతే బోర్డుకు దెబ్బ తగిలిందని చెబుతుంది. ఇంట్లో టీవీ రిమోటు చేసే పనికీ దీనికీ మూలంలో తేడా లేదు. రిసీవరు ఒక్కటే అయితే అది పైకి చూస్తూ ఉంటుంది, దాని మీద శంకువు ఆకారపు అద్దం నాలుగు దిక్కుల కాంతినీ కిందికి దించుతుంది. కొన్ని సెన్సర్లలో అద్దం లేకుండా నాలుగు రిసీవర్లు నాలుగు దిక్కులకు చూస్తుంటాయి. రెండూ వాడాను. అద్దం ఉన్నది చూడటానికి పొందికగా ఉంటుంది కానీ దాని మీద దుమ్ము పేరుకుంటే చూపు సగానికి పడిపోతుంది. నాలుగు రిసీవర్లది కాస్త లావుగా ఉన్నా మా ప్రాంతపు దుమ్ముకు అదే తట్టుకుంది.

నియమాలకు పునాది జపాను సంస్థ టామియా తన 1/16 ట్యాంకుల కోసం పెట్టిన పద్ధతి, ఇతర బోర్డులు చాలావరకు దానినే అనుసరిస్తాయి. లైట్ తరగతి ట్యాంకు 3 సెకన్లకొకసారి కాల్చగలదు, 3 దెబ్బలకు ధ్వంసమవుతుంది. మీడియం 5 సెకన్లకొకసారి కాలుస్తుంది, 6 దెబ్బలు ఓర్చుకుంటుంది. హెవీకి రెండూ 9. దెబ్బలు పెరిగేకొద్దీ వేగం కూడా తగ్గుతుంది. పైకి చూస్తే బరువైన ట్యాంకుకే మేలు జరిగినట్టు కనిపిస్తుంది, మేమూ మొదట్లో అలాగే అనుకుని హెవీ తరగతికి చెందిన టైగర్ కోసం పోటీ పడ్డాం. ఒకనాడు కాగితం తీసుకుని లెక్క వేశాను. రెండు ట్యాంకులు ఎదురెదురుగా నిలిచి, ఒకే క్షణాన మొదటి గుండు పేల్చి, ఒక్కటీ గురి తప్పకుండా కాల్చుకుంటున్నాయనుకుందాం. హెవీకి 9 దెబ్బలు వేయడానికి మీడియంకు 40 సెకన్లు చాలు. మీడియంకు 6 దెబ్బలు వేయడానికి హెవీకి 45 సెకన్లు పడుతుంది. లైట్ మీద మీడియం పని 10 సెకన్లలో ముగుస్తుంది, మీడియం మీద లైట్ పనికి 15 కావాలి. హెవీకి లైట్ మీద 18 సెకన్లు, లైట్‌కు హెవీ మీద 24. అంటే నిలబడి తలపడితే మీడియం ఇద్దరినీ గెలుస్తుంది. ఈ లెక్క బయటపడిన నెలలోనే మా ఆటలో ఆరుకు ఆరు ట్యాంకులూ మీడియంలైపోయాయి, ఆటలో ఉన్న రుచి పోయింది. దానికి మేము చేసుకున్న సవరణ చిన్నది: హెవీకి 4, మీడియంకు 4, లైట్‌కు 2 పాయింట్లు కట్టి, మూడు ట్యాంకుల జట్టు మొత్తం 10 దాటకూడదన్నాం. మూడూ మీడియంలు పెట్టడానికి వీలు లేకపోయేసరికి ప్రతి జట్టులోనూ పరుగెత్తే లైట్ ట్యాంకు ఒకటైనా ఉండక తప్పలేదు, దానిని దాచి దాచి వాడుకోవడంలోనే ఇప్పుడు మా తెలివంతా బయటపడుతోంది.

ఇక స్థలం విషయం. తొలి పోరు కొత్తపట్నం సముద్రపు ఒడ్డున, డిసెంబరు ఉదయం పెట్టుకున్నాం. ఇంట్లో వరండా ఈ చివరినుంచి ఆ చివరికి తగిలే గుండు అక్కడ రెండు మీటర్లకే ఆనలేదు. ఎండలో కంటికి కనపడే వెలుతురుతో పాటు పరారుణ కాంతి కూడా విస్తారంగా ఉంటుంది. అది వెలిగి ఆరేది కాదు కనుక దెబ్బగా లెక్కకు రాదు, కానీ రిసీవరును నిండుగా ముంచెత్తి, చిన్న ఎల్‌ఈడీ మాట దానికి వినపడకుండా చేస్తుంది. దానికి తోడు సన్నని ఇసుక గేరుబాక్సుల్లోకి పోయి రెండు ట్యాంకులు వారం రోజులు మంచాన పడ్డాయి. ఆ తరువాత టంగుటూరు దగ్గర ఒక మిత్రుడి పొగాకు గ్రేడింగ్ షెడ్డు మా రణరంగమైంది. వేలాలు ముగిసి షెడ్డు ఖాళీ అయ్యాక ఆగస్టు నుంచి సాయంకాలాలు అక్కడే ఆడుతున్నాం. పైకప్పు రేకుల్లో చిల్లులున్న చోట నేలమీద పడే ఎండ మచ్చల్లో నిలబడిన ట్యాంకుకు దెబ్బలు తగలవని పిల్లలు మాకంటే ముందే కనిపెట్టారు. “ఆ ఎండపొడలో నిలబడు మామయ్యా, ఎవరూ నిన్ను కొట్టలేరు” అని మా మేనల్లుడు చెప్పిన రోజునే చిల్లులు మూయించి, పొద్దుగూకాక తప్ప ఆట మొదలుపెట్టకూడదని రాసుకున్నాం. దీపాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత ఎలక్ట్రానిక్ చోకు ట్యూబులైట్లు సరిగ్గా మన సెన్సర్లు వినే వేగానికి దగ్గరలోనే మినుకుమంటాయి. అవి తీసి మంచి ఎల్‌ఈడీ ట్యూబులు పెట్టాక కాల్చకుండానే దెబ్బలు నమోదయ్యే దయ్యపు పని ఆగిపోయింది.

గోడల కథ మాత్రం ఇంకా పెద్దది. షెడ్డు గోడలకు సున్నం కొట్టి ఉంది. ఒక మూల గోడకు గురిపెట్టి కాలిస్తే అటుపక్క దాక్కున్న ట్యాంకుకు దెబ్బ తగిలేది. కాంతిని పీల్చుకుంటుందని గొడుగులకు వాడే నల్లగుడ్డ తెచ్చి గోడంతా వేలాడదీశాం, ఖర్చు కూడా తక్కువేమీ కాలేదు. ఏ మార్పూ రాలేదు. కారణం తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది: కంటికి నల్లగా ఉన్నదంతా పరారుణానికి నల్లగా ఉండదు. బట్టలకు వేసే రసాయన రంగులు చాలావరకు కనపడే వెలుతురును మాత్రమే మింగి, పరారుణాన్ని వెనక్కి పంపేస్తాయి. మసి, అంటే కార్బన్, రెండింటినీ మింగుతుంది. బడుల్లో నల్లబల్లకు వేసే రంగు ప్లైవుడ్ పలకలకు పూసి గోడల ముందు నిలబెట్టాక మూలమలుపు దెబ్బలు దాదాపు లేకుండా పోయాయి. అలాగే కూలిన భవనాల కోసం చీమకుర్తి నుంచి తెచ్చిన గ్రానైటు ముక్కల పాలిష్ ముఖం అద్దంలా కాంతిని ఏటవాలుగా జారవిడిచేది. ఇప్పుడు గరుకు ముఖమే బయటికి పెడుతున్నాం.

ఆకుల చాటు గురించి కూడా చెప్పి తీరాలి. వేపకొమ్మలు, సుబాబుల్ కొమ్మలు నాటి అడవిలా చేసుకున్నాం. పచ్చటి ఆకు పరారుణ కాంతిలో చాలా భాగాన్ని తనగుండా పోనిస్తుంది, మరికొంత చుట్టూ చిమ్ముతుంది, మింగేది స్వల్పం. అందుచేత ఆకుల వెనుక నక్కిన ట్యాంకు మన కంటికి మరుగవుతుందే గాని గుండుకు మరుగు కాదు. మొదట్లో దీనిని అన్యాయంగా భావించి సెన్సర్‌ను తిట్టుకున్నాం. తరువాత అదే నియమంగా పెట్టుకున్నాం. ఆకు మరుగు ఇస్తుంది, రక్షణ ఇవ్వదు; మట్టి గట్టు, చెక్క, రాయి రక్షణ ఇస్తాయి. నిజమైన యుద్ధంలోనూ కొమ్మల వెనుక ట్యాంకుకు దొరికేది అంతే కదా.

గుండు వెడల్పు అందరూ అశ్రద్ధ చేసే అంశం. ఈ పనికి ఎక్కువగా దొరికే 5 మిల్లీమీటర్ల లావు, 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎల్‌ఈడీలలో ఇరుకైన రకం కూడా నడిగీతకు అటూ ఇటూ 10 డిగ్రీలు కాంతిని చిమ్ముతుంది. పది మీటర్ల దూరానికి అది మూడున్నర మీటర్ల వెడల్పు వలయమవుతుంది. అంటే గురి అనే మాటకు అర్థమే ఉండదు. పక్కపక్కన నిలిచిన రెండు ట్యాంకులకూ ఒకే గుండు తగులుతుంది. ఫిరంగి గొట్టం లోపల ఎల్‌ఈడీ ముందు 4 సెంటీమీటర్ల నల్లటి గొట్టాన్ని, లోపలి వైపు మెరుపు లేకుండా చేసి, తొడిగాం. లోహపు ఫిరంగి గొట్టమే చాలు కదా అనుకోకూడదు, దాని లోపలి నునుపు కాంతిని తిరిగి చెదరగొడుతుంది. ఎల్‌ఈడీకి వరుసలో ఉన్న రెసిస్టరు విలువ పెంచి బలాన్ని కూడా తగ్గించాం. వెడల్పు సగానికంటే తక్కువకు దిగింది, దూరం షెడ్డు పొడవుకు సరిపోయేటంత మిగిలింది. ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో చూడటానికి సెల్‌ఫోను ముందు కెమెరా చాలు, ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది.

సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నదానిపై మా నియమం కఠినమైనది, దానిని నేను గట్టిగా సమర్థిస్తాను. సెన్సర్ టరెట్ మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి. దాని చూపుకు అడ్డంగా సామాను మూటలు, తెరిచిన మూతలు, సైనికుల బొమ్మలు ఉండకూడదు. ఆటకు ముందు రిఫరీ మూడు మీటర్ల దూరంనుంచి, ట్యాంకు ఎత్తులోనే, ఎనిమిది దిక్కులనుంచి ఒక్కొక్క గుండు పేలుస్తాడు. ఎనిమిదీ నమోదైతేనే ట్యాంకు బరిలోకి వస్తుంది. నా షెర్మన్‌లో వెనుకవైపు మెషిన్‌గన్ ఒక సన్నని నీడ వేసేది, దాన్ని విప్పి ఇంట్లో పెట్టుకోవలసి వచ్చింది. బాధగానే ఉంది, అయినా ఆ పరీక్ష పెట్టాక ఆటలో వాదన ఎంత తగ్గిందో చూసినవాడిని గనుక దానిని తిరిగి బిగించమని ఎప్పుడూ అడగలేదు.

నేను మోటారు వైండింగ్ దుకాణం నడిపేవాణ్ణి కాబట్టి ఒక లోపాన్ని తొందరగా పట్టుకోగలిగాను. నిలబడి ఉన్నప్పుడు ఎనిమిదికి ఎనిమిది దెబ్బలు తీసుకునే టి-34 పరుగెత్తుతున్నప్పుడు సగం దెబ్బలు మింగేసేది. మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వల అలజడి అదే బ్యాటరీ తీగల మీదుగా రిసీవరుకు చేరుతోంది. మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు, రిసీవరు దగ్గర సరఫరా తీగలో 100 ఓంల రెసిస్టరు, దాని తరువాత 4.7 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టగానే సమస్య తీరింది. పదిహేను రూపాయల సామాను కూడా కాదు. టరెట్ తిరిగే చోట సెన్సర్ తీగ మెలిపడి తెగడం మరొక రోగం. గట్టి తీగకు బదులు సన్నపోగుల సిలికాన్ తీగ వేసి, టరెట్ పూర్తి చుట్టు తిరగకుండా అడ్డం పెట్టాను.

ఎంత సరిచేసినా పోనిది ఒకటుంది. రెండు ట్యాంకులు ఒకే క్షణంలో ఒకే లక్ష్యం మీద కాలిస్తే రెండు సంకేతాలూ ఒకదాని మీద ఒకటి పడి చెదిరిపోతాయి, ఏ దెబ్బా నమోదు కాదు. దీనికి సామానులో మందు లేదు కనుక నియమంలో పెట్టాం: బోర్డు చెప్పిందే తీర్పు, తగలని గుండుకు అప్పీలు లేదు. జట్టు నాయకుడు “నువ్వు ముందు, నేను తరువాత” అని పిలిచి వంతులవారీగా కాల్పించే అలవాటు అక్కడినుంచే వచ్చింది, నాకు ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడు అదే. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) ఊడిన ట్యాంకు ఉన్నచోటనే ఉండి కాల్చవచ్చు. ఈల మోగేదాకా మనిషి బరిలో అడుగు పెట్టకూడదు, ఎందుకంటే మనిషి కాళ్లు కూడా గుండుకు అడ్డమే.

ట్యాంకులను నడిపే 7.4 వోల్టుల లిథియం బ్యాటరీలను ఒక్కో సెల్లు 3 వోల్టుల కిందికి దిగకుండా చూసుకోవాలి, మే నెల ఎండలో కారులో వదలకూడదు. ట్యాంకు కొనేటప్పుడు ధర చూసి ఉలిక్కిపడతారు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అందుకే ట్యాంకు కొన్నప్పుడే రెండు విడి సెన్సర్లు కూడా తెప్పించుకోమని చెబుతాను. నాలుగేళ్లలో నా గేరుబాక్సులు రెండే మార్చాను, సెన్సర్లు ఐదు మార్చాను. వాటిలో మూడు టరెట్ నేలకు తగిలి విరిగినవి, రెండు సముద్రపు గాలికి పిన్నులు తుప్పుపట్టినవి. ఇప్పుడు ఆట ముగియగానే సెన్సర్‌ను ఊడదీసి, పొడి నూలుగుడ్డతో తుడిచి, మూతగల డబ్బాలో వేరుగా దాస్తున్నాను. ఆరవది ఏడాదిన్నరగా అదే పనిచేస్తోంది.