మా పురపాలక సంఘం కరోనా సేవలు: మూసినందుకు నాలుగు మార్కులు, తెరిచినందుకు రెండు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న మా పట్టణంలో నాకు చిన్న చీరల కొట్టు ఉంది. హోటళ్ళకూ ఫోన్లకూ సమీక్షలు రాసేవారు కొల్లలుగా ఉన్నారు గాని, ఏటా హోల్డింగ్ టాక్స్, అంటే ఆస్తి పన్ను, కట్టించుకొని మనకు సేవ చేసే పురపాలక సంఘానికి సమీక్ష రాసినవారిని నేను చూడలేదు. 2020 మార్చి నుంచి ఆ ఏడాది చివరి వరకు అందిన సేవను ఇంటి నుంచీ కొట్టు నుంచీ రెండు వైపులా చూశాను కనుక నేనే రాస్తున్నాను. అయిదు మార్కులకు లెక్కిస్తే ఊరిని మూసిన తీరుకు నాలుగు ఇస్తాను, తిరిగి తెరిచిన తీరుకు రెండుకు మించి ఇవ్వలేను.

ఆ నాలుగూ ఊరికే వేసినవి కావు. ఆ నెలల్లో మా వీధికి కుళాయి నీళ్ళు ఆగిన రోజు లేదు. మనుషులు తలుపులు తీయడానికే జంకుతున్న రోజుల్లో కూడా చెత్త బండి ఈల వేసుకుంటూ సందు చివరిదాకా వచ్చేది. ఇరుకు సందులో ఉన్న కూరగాయల బజారును హైస్కూలు మైదానంలోకి మార్చి, సున్నంతో గుండ్రాలు గీసి, మనిషికి మనిషికి ఎడం ఉండేలా ఏర్పాటు చేశారు. రెండు రోజులు జనం బుద్ధిగా నిలబడ్డారు. మూడో నాటికి గుండ్రాల్లో చేతిసంచులూ చెప్పులూ ఒకచోట ఇటుకరాయీ వరుసలో నిలబడగా, వాటి యజమానులు వేపచెట్టు కింద గుంపుగా చేరి కబుర్లు చెప్పుకున్నారు. ఆ తప్పు మాత్రం పురపాలక సంఘానిది కాదు.

మే మొదలయ్యేదాకా జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు. గంజాం నుంచి సూరత్ మగ్గాల మీదికి పోయినవారు లెక్కకు మిక్కిలి. వారిని తీసుకొని శ్రామిక్ రైళ్ళు ఆ నెల మొదటి వారంలో జగన్నాథపూర్ స్టేషనుకు రావడం మొదలుపెట్టాక బడులన్నీ క్వారంటైన్ కేంద్రాలయ్యాయి, జూలై నాటికి మా జిల్లా పేరు రాష్ట్రమంతా మారుమోగింది. మా వీధి బడిలో ఉన్నవారికి వేళకు భోజనం అందించినవారూ, ఉన్న నాలుగు మరుగుదొడ్లను రోజుకు రెండు పూటలా కడిగినవారూ పురపాలక సిబ్బందే. నాలుగు మార్కుల్లో రెండు వారివే.

ఇక తెరవడం సంగతి. వేళలను నిర్ణయించే ఉత్తర్వు పై అధికారులదే అయినా, దానిని వీధికి చేర్చి అమలు చేయవలసినది పురపాలక సంఘం. మేలో విడి దుకాణాలు తెరవవచ్చునన్నారు. జూన్‌లో శనివారం, ఆదివారం మూసివేత వచ్చింది. జూలై 17 రాత్రి నుంచి నెలాఖరు వరకు మళ్ళీ పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. వ్యాధి పెరుగుతున్నప్పుడు మూయవద్దని ఎవరూ అనరు. ఏ కొట్టు ఏ రోజున ఏ వేళకు తెరవాలో ముందుగా, అర్థమయ్యేలా చెప్పమనే మేము అడిగాము. మైకు బండి రాత్రి భోజనాల వేళకు వచ్చి ఒడియాలో గబగబా చదువుకుంటూ పోయేది, గోడ మీద అంటించే కాగితం కూడా ఒడియాలోనే ఉండేది. బజారులో సగం మంది తెలుగువారు. మాట్లాడమంటే అందరికీ ఒడియా వచ్చును గాని, చదవడం మా పెద్దవాళ్ళలో చాలామందికి రాదు. నా కొట్టు మెట్ల మీద ఉల్లిపాయలు అమ్మే ముసలావిడ గోడ మీది కాగితాన్ని నలగకుండా ఊడదీసుకొని వచ్చి, "బాబూ, ఇందులో ఏటుందో సదివి సెప్పు, నా గంప ఎత్తాలా దించాలా?" అని అడిగింది. నేను చదివి చెప్పేలోగానే లాఠీ పట్టుకొని ఇద్దరు రానే వచ్చారు.

ఈ లోటుకు కారణం ఉద్యోగుల నిర్లక్ష్యమని నేను అనుకోవడం లేదు. ఒడిశాలో 2013లో ఎన్నికైన పట్టణ కౌన్సిళ్ళలో చాలావాటి గడువు 2018లోనే తీరిపోగా, మళ్ళీ ఎన్నికలు 2022 మార్చి 24న గాని జరగలేదు. అంటే మహమ్మారి నడిచినంత కాలం మా వార్డుకు కౌన్సిలరే లేడు. అదే 2020 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ పల్లెల్లో సర్పంచులకు వారి పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చారు. పక్క పల్లెలో ఎవరి గుమ్మం తొక్కాలో అందరికీ తెలుసు, పట్టణంలో మాకు తెలియదు. ఊరిని మూయడానికి ఉత్తర్వు సరిపోతుంది గాని, తెరవాలంటే చీరల కొట్టు వాడి గొడవ, కూరగాయలావిడ గొడవ విని వేళలు సర్దగల మనిషి వార్డులో ఉండాలి.

నా సొంత నష్టం కూడా చెప్పుకోవాలి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు ఎలాగూ పోయాయి. యాభై మందితో జరిగే పెళ్ళికి పెట్టుబడి చీరలు ఎన్ని కొంటారు? ఇచ్ఛాపురం నుంచి మా వియ్యపురాలు కూడా సరిహద్దు దాటి రాలేకపోయింది. జూలైలో తెరుచుకుందన్న ధైర్యంతో చీరాల సరుకు దించుకున్న మర్నాడే మళ్ళీ తాళం పడింది. వానలకు అడుగు వరుసలోని పదకొండు చీరలు మడతల వెంట బూజు పట్టాయి. తరువాత ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరణకు వెళితే, తాళం వేసి ఉన్న నెలలకు కూడా కలిపి ఆలస్య రుసుము వేశారు. ఆ కాలంలో మీ కౌంటరే మూసి ఉంది కదా అని అడిగితే, కంప్యూటరు ఒప్పుకోవడం లేదన్నారు. కట్టాను, రసీదు మాత్రం వెంటనే ఇచ్చారు.

ఇప్పుడు వార్డుకు కౌన్సిలరు ఉన్నారు, ఫోను చేస్తే పలుకుతున్నారు. కార్యాలయం ముందు పెట్టిన కొత్త నోటీసు బోర్డు మాత్రం ఒడియా, ఇంగ్లీషుల్లోనే ఉంది. దాని అడుగున జానెడు ఖాళీ మిగిలి ఉంది. అందులో తెలుగు వరుస ఒకటి చేర్చిన నాడు రెండు మార్కులను రెండున్నర చేస్తాను.