సెమినార్‌లో చైనా విద్యార్థులు: పేరు పెట్టి అడగడమా, ప్రశ్న ముందే ఇవ్వడమా?

బ్రిటన్‌లో కొత్తగా అధ్యాపకులుగా చేరిన మన తెలుగువాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: "సెమినార్‌లో చైనా విద్యార్థులు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?" ఇక్కడ సెమినార్ అంటే కొద్దిమంది విద్యార్థులతో చర్చగా సాగే తరగతి. మార్కెటింగ్, ఫైనాన్స్ ఎమ్మెస్సీ తరగతుల్లో సగానికి పైగా వారే ఉండడం అరుదేమీ కాదు.

పేరు పెట్టి అడగడం కొందరి పద్ధతి. ఇందులోనూ న్యాయముంది. ఉపాధ్యాయుడు పిలిస్తే లేచి జవాబు చెప్పడం వారికి బడిలో అలవాటే. పిలవకుండా మాట్లాడడమే కొత్త. కాకపోతే పేరు సరిగా పలకాలి. ఇంగ్లీషు లిపిలో రాసిన చైనా పేర్లలో 'క్యూ' మన 'చ'కు, 'ఎక్స్' మన 'ష'కు దగ్గరగా ఉంటాయి. మనకు లాగే ఇంటిపేరు ముందు వస్తుంది.

పేరు చక్కగా పలికినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. బడిలో ఎక్కువగా అడిగేది పాఠంలో ఉన్న జవాబు. ఇక్కడ మనం అడిగేది అభిప్రాయం. "ఈ సంస్థ ధర తగ్గించడం సరైనదేనా?" అని ఉన్నట్టుండి అడిగితే, పిలిచిన విద్యార్థి ఆలోచించి ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపే ఇంకొకరు మాట్లాడేస్తారు.

నా దృష్టిలో అన్నిటినీ తేల్చేది ఆ కాస్త వ్యవధే. ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష రెండో భాగంలో కార్డు, కాగితం, పెన్సిలు చేతికిచ్చి ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు. ఆ పరీక్షలో 6.5 తెచ్చుకున్న విద్యార్థికి మన తరగతిలో ఆ నిమిషం కూడా దొరకదు. పైగా ఇంగ్లీషు రాదని, ఆసక్తి లేదని మనమే తీర్పు చెప్పేస్తాం. అది అన్యాయం.

అందుకే ఈ ఏడాది పద్ధతి మార్చాను. ప్రశ్న ముందురోజే పంపుతున్నాను. తరగతిలో మూడు నిమిషాలు పక్కవారితో మాట్లాడుకోమంటున్నాను, చైనీస్‌లోనైనా సరే. ఆ తర్వాతే పేరు పెట్టి పిలుస్తున్నాను. తరగతిలో చైనీస్ ఏమిటని తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. తెలుగు విద్యార్థులిద్దరు పక్కపక్కన కూర్చుంటే వాళ్లూ ముందు తెలుగులోనే వాదించుకుంటారు కదా!

మూడో వారంలో, అంతవరకు పెదవి కదపని ఒక అమ్మాయి సగం చైనా అక్షరాలు, సగం ఇంగ్లీషు ఉన్న కాగితం విప్పి నాతో విభేదించింది. నవంబర్ 11 అమ్మకాల కోసం తమ దేశంలో జనం కొనడం ఆపి కాచుకుని ఉంటారని, ఏటా ధర తగ్గించే సంస్థకు మామూలు ధర అంటూ మిగలదని చెప్పింది. పాఠ్యపుస్తకంలో లేని మాట అది. తరగతంతా ఆ మాట చుట్టూ చర్చ సాగింది.

దీనికీ లోటుంది. ముందురోజు చదవనివారు వట్టి చేతులతో వస్తారు. చైనావారంతా ఒకచోటే కూర్చుంటే చర్చ చైనీస్‌లోనే ఉండిపోతుంది; అందుకే రెండో ప్రశ్నకు జట్లు మారుస్తాను.

పేరు కనబడకుండా ఫోన్‌లో జవాబు పంపించడం మొదటి వారానికి సరిపోతుంది. మాట్లాడితే మార్కులు అన్న పద్ధతిని నేను సిఫార్సు చేయను.

ఏది ఎంచుకున్నా, తరగతి అయ్యాక పదిహేను నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. వారి అసలు సందేహాలు మీ బల్ల దగ్గరికి వచ్చేది అప్పుడే.