ఏసీ బస్సుల శ్రీశైలం: మూడు స్టార్లు, అవి గూడ సీట్లకే

వానలు తగ్గినంక అమ్మను తీసుకొని పాలమూరు నుంచి శ్రీశైలం పోయిన. ఒక ప్రైవేటు ట్రావెల్స్ ప్యాకేజీ. పేరు రాయను, వాళ్లు చేసిన తప్పు పెద్దగ ఏం లేదు. పొద్దున నాలుగున్నర అంటే నాలుగున్నరకే బండి వచ్చింది. సీటు వెనక్కి వాలిస్తే మంచం లెక్క. దుప్పటి, దిండు, అర లీటరు నీళ్ల బాటిల్ ఇచ్చిన్రు. (అమ్రాబాద్ పులుల అడవిల ప్లాస్టిక్ వద్దంటరు, ఇది జర చూసుకోండ్రి.) అమ్మకు మోకాళ్ల నొప్పులు. డ్రైవర్ తమ్ముడు చెయ్యి పట్టి ఎక్కించిండు, దానికి మాత్రం దండం.

మరి స్టార్లు ఎందుకు కోసిన అంటరా?

నల్లమల అడవి మొదట్ల ఉండే మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటది. మేం ఏడింటికి దాటినం. చిన్నప్పటి సంది ఎరిగిన తొవ్వ. ఆ గేటు దాటంగనే గాలి మారుతది, తడిసిన ఆకుల వాసన ముక్కుకు తగుల్తది. ఈ బండిల అద్దం తెరిచే ఏర్పాటే లేదు. పైన కర్టెన్లు, ముంగట టీవీల కామెడీ సీన్లు. వటవర్లపల్లి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెల్వదు. నల్లమలల నేను నిద్రపోవుడు అదే మొదటిసారి.

దోమలపెంట దాటి ఘాట్ దిగుతుంటే మెలకువ వచ్చింది. డ్యాంకు ఉన్న 12 గేట్లల్ల కొన్ని ఎత్తి ఉన్నయి. అద్దం అవతల నీళ్లు తెల్లగ దుంకుతున్నయి, ఇవతల చప్పుడే లేదు. టీవీ సౌండ్ బంద్ చేసి చూసినట్టు. అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది, కృష్ణమ్మకు వేస్తనని. అద్దం అంచు పొడుగూత వేళ్లతోని తడిమింది.

“ఇది ఎట్ల తెరుస్తరు బిడ్డా?”

తెరవరాదమ్మా అని నేను చెప్పేవరకు బ్రిడ్జి అయిపోయింది. బిళ్లను మళ్ల కొంగుల కట్టుకుంది. ఏమనలే.

తెల్లారి వాపస్ వచ్చేటప్పుడు ఆ బండి ఎక్కలే. పైసలు పోతే పోయినయని అచ్చంపేట డిపో ఎక్స్‌ప్రెస్‌ల కిటికీ సీటు పట్టినం. సీటు చెక్క లెక్క, అద్దం సగం దాకా జరిగి ఇరుక్కుంది. నా నడుం రెండు రోజులు పట్టేసింది, అబద్ధమెందుకు. బ్రిడ్జి మీద తుంపర మొఖాల మీద పడ్డది. అమ్మ రెండు బిళ్లలు వేసింది, ఒకటి నిన్నటి బాకీ అట. ఇగ అక్కడి నుంచి మన్ననూరు దాకా నోరు మూయలే. శివరాత్రికి మా నాయన బస్సు టాపు మీద కూసోని వచ్చిన ముచ్చట నాకు గా రోజే తెలిసింది. అచ్చంపేటల కిటికీ కాడికే సీతాఫలాల గంప వచ్చింది, అన్నీ కండ్లు తెరిచిన కాయలు. బేరం గూడ అమ్మనే చేసింది.

నడవరానోళ్లను తీసుకపోతే ఏసీ బండే మంచిది, అండ్ల డౌటు లేదు. కాకపోతే మన్ననూరు కాడ టీవీ బంద్ చేయమని అడుగుండ్రి. డ్యాం పోయేటప్పుడు కుడి దిక్కు వస్తది, వచ్చేటప్పుడు ఎడమ దిక్కు. సీటు బుక్ చేసేటప్పుడే చూసుకోండ్రి.