హ్యూయీ హెలికాప్టర్ మోడల్ కిట్: ఇయా డ్రాంగ్ వీరుడి వాహనం

1965 నవంబర్ 14న వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో జరిగిన పోరులో అమెరికా సైన్యపు మేజర్ బ్రూస్ క్రాండల్ నడిపిన యూహెచ్-1డి హ్యూయీ హెలికాప్టర్ 1:48 నిష్పత్తిలో ప్లాస్టిక్ కిట్‌గా దొరుకుతోందని తెలిసి తెప్పించుకుని, మూడు వారాల పాటు సాయంత్రాలు కూర్చుని పూర్తి చేశాను.

భాగాలు చక్కగా అతుకుతాయి. అసలు హెలికాప్టర్ పైరెక్కల వ్యాసం 48 అడుగులు కనుక, మోడల్‌లో అది సరిగ్గా అడుగు పొడవు వచ్చింది.

అయితే ఈ కిట్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది ముందుభాగంలోని పారదర్శక ముక్కలే. పైలట్ ఎదుటే కాక, పెడల్స్ మీద ఆనే పాదాల దిగువన కూడా అద్దమే ఉంటుంది. వాటిని పట్టుకారుతో అమర్చుతున్నప్పుడు, ఆ అద్దాల వెనుక కూర్చుని తుపాకుల మధ్యకు దిగడం ఎలాంటిదో మొదటిసారి అర్థమైంది. ఎక్స్‌రే అని పేరు పెట్టిన, హెలికాప్టర్లు దిగే ఆ చోట కాల్పులు ఎంత తీవ్రంగా ఉన్నాయంటే, గాయపడినవారిని తీసుకెళ్లాల్సిన వైద్య హెలికాప్టర్లు అక్కడ దిగడానికి నిరాకరించాయి. తూటాలు అయిపోవస్తున్న సైనికుల కోసం క్రాండల్ తానే ముందుకొచ్చి, కెప్టెన్ ఎడ్ ఫ్రీమన్ తోడుగా, మందుగుండు దింపుతూ, గాయపడినవారిని ఎక్కించుకుంటూ, దెబ్బతిన్న హెలికాప్టర్‌ను వదిలి మరొకటి తీసుకుంటూ ఆ రోజు 22 సార్లు ఎగిరారు. ఇద్దరూ కలిసి సుమారు 70 మందిని బయటికి చేర్చారు. గాలిలో ఉన్నంతసేపు కనీసం కదలిక అయినా రక్షణ ఇస్తుంది. స్ట్రెచర్లు ఎక్కేదాకా నేల మీద కదలకుండా ఉండటమే అసలైన ధైర్యమని నాకనిపిస్తుంది.

అందుకే తయారీదారు చేసిన ఒక పొరపాటు బాధ కలిగించింది. క్రాండల్ నడిపింది ఆయుధాలు లేని హెలికాప్టర్ అని ఆయనకు దక్కిన అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రశంసాపత్రమే చెబుతుండగా, పెట్టెలో రాకెట్ గొట్టాలు ఇచ్చి, ఆరు స్ట్రెచర్లు పట్టే క్యాబిన్‌కు ఒక్క స్ట్రెచర్ కూడా ఇవ్వలేదు. క్రాండల్‌కు ఆ పతకం 2007లో దక్కిందని రాసిన కిట్ సూచనల కాగితంలో, 2001లోనే దాన్ని అందుకున్న ఫ్రీమన్ పేరే లేదు.

రాకెట్లను పక్కన పెట్టి, స్ట్రెచర్లను అట్టముక్కలతో నేనే చేసుకున్నాను. కొనేవారికి ఒక సూచన: పక్క తలుపులను మూసి అతికించమని కాగితంలో ఉన్నా, రంగు వేయకముందే వాటిని పట్టాల మీద వెనక్కి జరిపి, తెరిచి ఉన్నట్టుగా అతికించండి. ఆ హెలికాప్టర్ చేసిన పని ఆ తలుపుల దగ్గరే జరిగింది.