చెట్టు వేళ్లు, మురుగు పైపు, హోమ్ ఇన్సూరెన్స్: రెండు రైడర్లు నాకెలా పనికొచ్చాయి

న్యూజెర్సీలో, మిడిల్‌సెక్స్ కౌంటీలో 1950ల నాటి ఇల్లు మాది. కొన్నప్పటి నుంచీ హోమ్ ఇన్సూరెన్స్ మీద అదనంగా రెండు రైడర్లు కడుతున్నాం. ఒకటి సర్వీస్ లైన్ కవరేజ్ (ఇంటి నుంచి బయటికి వెళ్లే పైపుల కోసం), రెండోది వాటర్ బ్యాకప్ (డ్రెయిన్‌లోంచి నీళ్లు వెనక్కి తన్నితే ఇంటికి జరిగే నష్టం కోసం). ఏళ్లపాటు ప్రీమియం కట్టి, రెండింటి మీదా క్లెయిమ్ చేసి, పైపు మార్పించుకున్నాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఈ రైడర్ల షరతులు చాలా కంపెనీల్లో దగ్గరదగ్గరగానే ఉంటాయి, చూసుకోవాల్సింది వాటినే.

మనలో ఎక్కువమందికి ఉండేది హెచ్‌ఓ-3 అనే మామూలు హోమ్ ఇన్సూరెన్స్ పాలసీ. వేళ్లు మెల్లమెల్లగా పైపును పాడుచేస్తే ఆ పాలసీ డబ్బు ఇవ్వదు, అరుగుదల కింద లెక్కేస్తుంది. డ్రెయిన్‌లోంచి మురుగు వెనక్కి తన్ని బేస్‌మెంట్ పాడైనా, రైడర్ లేకపోతే ఏమీ రాదు. పోనీ టౌన్‌షిప్ బాగుచేస్తుందా అంటే, ఇంటి నుంచి రోడ్డు కింద ఉండే మెయిన్ (ఊరి పెద్ద మురుగు పైపు) వైపు వెళ్లే పైపు ఓనర్‌దే. కొన్ని ఊళ్లలో ఓనర్ బాధ్యత కర్బ్ (రోడ్డు అంచు) దాకా, మరికొన్నిచోట్ల మెయిన్‌కి కలిసే చోటు దాకా. మాది రెండో రకం. వేళ్లు పంపిన మేపుల్ చెట్టు టౌన్‌షిప్‌ది, సైడ్‌వాక్‌కీ కర్బ్‌కీ మధ్య ఉంది. అయినా పైపు ఖర్చు మాదే. ఇది న్యాయంగా లేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ కాలం ఇళ్లలో చాలావరకు మట్టి పైపులే. పొట్టి ముక్కలుగా ఉంటాయి కాబట్టి కొద్ది అడుగులకొక అతుకు వస్తుంది. అతుకుల్లోంచి కాస్త తడి, ఆవిరి బయటికి వస్తే చెట్టు వేరు అటే పోతుంది. వెంట్రుకంత సన్నగా లోపలికి దూరి, అక్కడ నీళ్లూ పోషకాలూ దొరికాక లావెక్కి అతుకునే విడదీస్తుంది. ఆ వేళ్లకు సింక్‌లో పోసిన నూనె, గంజి, టిష్యూ పేపర్లు పట్టుకుంటాయి. మనింట్లో వంట రోజూ ఉంటుంది, పండక్కి డీప్ ఫ్రై కూడా ఉంటుంది. వాడిన నూనెను డబ్బాలో పోసి చెత్తలో వెయ్యండి, దయచేసి సింక్‌లో పొయ్యకండి.

మా ఇంట్లో మొదట కింద బాత్‌రూమ్‌లో నీళ్లు నెమ్మదించాయి. ఆ తర్వాత వాషర్ తిరిగినప్పుడల్లా బేస్‌మెంట్ ఫ్లోర్ డ్రెయిన్ గుడగుడమనేది. ప్లంబర్ వచ్చేలోపే ఒక రాత్రి మురుగు పైకి వచ్చి కార్పెట్ మీద పరుచుకుంది. అత్తయ్య, మామయ్య విజయవాడ నుంచి వచ్చి కింద గదిలోనే ఉన్నారు. ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన షరతు ఒకటుంది. సర్వీస్ లైన్ రైడర్ పైపుకి జరిగిన నష్టానికే డబ్బిస్తుంది. పైపు బాగానే ఉండి వేళ్లతో మూసుకుపోయిందంటే, చాలా పాలసీల్లో అది ఒట్టి బ్లాకేజ్ కిందికి వస్తుంది. అంటే శుభ్రం చేయించే ఖర్చు మనదే. అందుకే ప్లంబర్ మెషీన్‌తో వేళ్లు కోసిన వెంటనే కెమెరా దింపించి వీడియో తీయించాం. కర్బ్ దగ్గర ఒక ముక్క పగిలి, పక్క అతుకు జరిగిపోయి కనిపించాయి. క్లెయిమ్ నిలబడింది ఆ వీడియో వల్లే. ఇల్లు కొనేటప్పుడు మురుగు పైపులోకి కెమెరా పంపి చేయించిన సీవర్ స్కోప్ వీడియో కూడా దాచి ఉంచాం కాబట్టి, పగులు పాలసీకి ముందు నుంచీ ఉందా అన్న ప్రశ్న అక్కడితోనే ఆగిపోయింది.

సర్వీస్ లైన్ రైడర్‌కి మేం కట్టేది ఏడాదికి సుమారు 40 డాలర్లు, లిమిట్ 10,000, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పోయే భాగం) 500. పాత పైపు తవ్వి తీసి పీవీసీ వేయడానికి, సైడ్‌వాక్ కాంక్రీట్‌కి, లాన్ తిరిగి వేయడానికి కలిపి 9,000 డాలర్ల దాకా అయింది. డిడక్టిబుల్ పోను మిగతాది ఇచ్చారు. తవ్వకం ఖర్చు కూడా కలవడం ఈ రైడర్‌లో నాకు బాగా నచ్చిన విషయం. ఇలాంటి పనిలో పైపు ఖరీదు కొంచెమే, తవ్వి పూడ్చడానికే డబ్బంతా పోతుంది. నచ్చనిది లిమిట్. తవ్వకం రోడ్డు మధ్య దాకా వెళ్లి ఉంటే 10,000 సరిపోయేది కాదు.

బేస్‌మెంట్‌కి జరిగిన నష్టం మాత్రం ఈ రైడర్ కిందికి రాదు. క్లీనింగ్, కార్పెట్, తడిసిన డ్రైవాల్ వాటర్ బ్యాకప్ రైడర్ కిందికి వెళ్లాయి. దానికి డిడక్టిబుల్ వేరు. ఇక్కడ అనుభవం అంత బాగాలేదు. నష్టం అంచనా వేసే అడ్జస్టర్ రావడానికి ఆలస్యమైంది, ఫొటోలు మళ్లీ మళ్లీ అడిగారు, పాత కార్పెట్‌కి వయసు లెక్కగట్టి తగ్గించి ఇచ్చారు. అయినా ఆ రైడర్ తీసేయాలని నాకు లేదు. మురుగునీటి శుభ్రతకి కంపెనీలు వేసే బిల్లు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

పోస్టులో టౌన్‌షిప్ ఉత్తరంలా కనిపించే సీవర్ వారంటీ ప్లాన్లు వస్తుంటాయి. అవి ఇన్సూరెన్స్ కావు, నెలనెలా కట్టే సర్వీస్ కాంట్రాక్టులు. చాలావాటిలో మొదటి 30 రోజులు క్లెయిమ్ కుదరదు. ఏడాది మొత్తం లెక్కేస్తే నా రైడర్ కన్నా ఖరీదే తేలింది. మీ కంపెనీలో ఈ రైడర్ లేకపోతే మాత్రం ఆలోచించవచ్చు.

టెక్సస్‌లో ఫ్రిస్కో, జార్జియాలో కమింగ్ లాంటిచోట్ల కొత్త ఇళ్లలో పీవీసీ పైపులు ఉంటాయి, వేళ్ల భయం తక్కువ. అక్కడ నేనైతే ముందు వాటర్ బ్యాకప్ తీసుకుంటాను. 1980కి ముందు కట్టిన ఇల్లు, ముందర పెద్ద చెట్టు ఉంటే రెండూ తీసుకుంటాను. వేళ్లు చంపడానికి కొందరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పోస్తారు. కాలిఫోర్నియా బే ఏరియాలో దాన్ని సీవర్‌లో వాడటం నిషేధం, మీ ఊరి నియమం కనుక్కోండి. మట్టి పైపు ఇంకా మిగిలి ఉన్నవాళ్లు ప్లంబర్‌తో వేళ్లు చంపే ఫోమ్ వేయించుకోవడం మేలు.

200, 300 డాలర్ల క్లీనింగ్ బిల్లులకి మేం ఇన్సూరెన్స్ జోలికి వెళ్లం. పెట్టిన క్లెయిమ్ క్లూ రిపోర్టులో (ఇన్సూరెన్స్ కంపెనీలు చూసే మన పాత క్లెయిమ్‌ల చిట్టా) 7 ఏళ్ల దాకా ఉంటుంది, కంపెనీ మారాలనుకుంటే కొత్తవాళ్లు ముందు చూసేది అదే.