ఎండకు మాడిన మొక్కకు కత్తెరా, నీడా: ఏది మేలు?

మే నెలలో వారం రోజులు వడగాడ్పులు కొట్టి, ఆ వెంటనే ఓ సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే మిద్దె తోట వైపు చూడటానికి మనసొప్పదు. గులాబీ ఆకుల అంచులు మాడి గలగలలాడుతుంటాయి. మునగ కొమ్మ విరిగి బెరడు పట్టుకుని వేలాడుతుంటుంది. అప్పుడు చాలామంది చేసేది ఒక్కటే: కత్తెర తీసుకుని మాడిందంతా కోసేసి, గుప్పెడు ఎరువేసి, నీళ్లు దిమ్మరించడం. నా లెక్క వేరు. గాలికి విరిగినదానికి కత్తెర కావాలి, ఎండకు మాడినదానికి నీడ కావాలి.

మాడిన చోట ఆకు మళ్లీ పచ్చబడదు, నిజమే. కానీ అంచులు మాడిన ఆకులో మిగతా పచ్చభాగం ఇంకా మొక్కకు తిండి తయారుచేస్తూనే ఉంటుంది. పూర్తిగా ఎండిన ఆకు కూడా కిందున్న కాండానికి ఎండ తగలకుండా అడ్డుపడుతుంది. దాన్ని తీసేస్తే ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు మీద ఎండ నేరుగా పడుతుంది. నిమ్మ, మామిడి కొమ్మల బెరడు ఇలాగే మాడి పగులుతుంది. పైగా కత్తిరించిన మొక్క చిగురు వేయాలని చూస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో లేత చిగురు నిలబడటం కష్టం. అది కూడా మాడితే మొక్క దాచుకున్న బలమంతా వృథా.

అందుకే ముందు నీడ. కుండీలు కొన్నే ఉంటే గోడకు తూర్పు వైపుకు జరిపి, ఒకదానికొకటి దగ్గరగా పెడితే చాలు, మధ్యాహ్నం ఎండ తప్పుతుంది. జరపలేనన్ని ఉంటే 50 శాతం షేడ్ నెట్, అంటే సగం ఎండను ఆపే వల కట్టాలి. 75 శాతం నెట్ ఇంకా మంచిదనుకుంటారు గానీ, దాని కింద టమాట, వంగ వెలుతురు చాలక సన్నగా సాగి, పూత తగ్గిపోతుంది. కూరగాయలకు నేను 50 శాతమే కట్టమంటాను. నెట్ కొనే వీలు లేకపోతే పాత కాటన్ చీర కూడా పనికొస్తుంది. ఏది కట్టినా మొక్కలకు ఆనకుండా ఎత్తుగా, పడమటి వైపు కొంచెం కిందికి దిగేలా కట్టండి. మబ్బు పట్టి గాలి లేస్తే వెంటనే విప్పేసేలా ముడులు వేయండి, లేకపోతే నెట్‌తో పాటు కర్రలు కూడా మొక్కల మీద పడతాయి.

నీళ్లు పొద్దున్నా, సాయంత్రమా అంటే నా ఓటు పొద్దున్నకే. చిన్న కుండీలకు మాత్రం వడగాడ్పుల రోజుల్లో రెండు పూటలా పోయాల్సిందే. సాయంత్రం పైపు విప్పగానే వచ్చే నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. అవి బకెట్‌లోకి పట్టేసి, చల్లబడ్డాకే వాడండి. బీర, సొర ఆకులు మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి లేస్తే కంగారు అక్కర్లేదు. పొద్దున్న కూడా వాలే ఉంటే మట్టిలోకి వేలు దించి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగా ఉండి కూడా వాలి ఉందంటే మొక్క వేళ్లకే దెబ్బ తగిలింది, ఇంకా నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది.

ఎరువు సంగతి ఒక్క మాటలో: ఇప్పుడు వద్దు. దెబ్బతిన్న వేళ్ల దగ్గర యూరియా పడితే మిగిలినవి కూడా మాడతాయి. మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరిచి వదిలేయండి. కొత్త ఆకులు కనబడ్డాక వర్మీ కంపోస్ట్ వేయొచ్చు.

గాలి దెబ్బకు మాత్రం ఆగకూడదు. విరిగి చీలిన చోట తడి చేరి కుళ్లు పడుతుంది కాబట్టి పదునైన కత్తితో చీలిక కిందికంటా నున్నగా కోసేయాలి. మునగకు ఇది పెద్ద లెక్కే కాదు, కోసిన చోటి కింద నుంచి మళ్లీ కొమ్మలేస్తుంది. బొప్పాయి తల విరిగితే కాండం లోపల బోలుగా ఉంటుంది కాబట్టి వాన నీళ్లు నిలుస్తాయి. ఏటవాలుగా కోసి, పైన కవర్ కట్టండి. పక్కల నుంచి పిలకలు రావచ్చు. అరటి ఆకులు చీలికలు పేలికలైనా ముట్టుకోవద్దు, అవి అలాగే పనిచేస్తాయి.

ఒరిగిన మొక్కను మట్టి తడిగా ఉండగానే మెల్లగా లేపి, మట్టి నొక్కి, కర్రకు గుడ్డపేలికతో వదులుగా కట్టాలి. వేళ్లు తెగితే పైన మూడో వంతు ఆకులు తగ్గించండి, ఉన్న వేళ్లు అన్నిటికీ నీళ్లు అందించలేవు. టమాట పడిపోతే మాత్రం బలవంతంగా లేపకుండా, నేలకు ఆనిన కాండం మీద మట్టి కప్పండి. అక్కడే కొత్త వేళ్లు పోస్తుంది.

ఇక ఎండకు మాడిన కొమ్మలకు కత్తెర ఎప్పుడంటే, మృగశిర వచ్చి ఒకట్రెండు వానలు పడ్డాక. బెరడును గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే పచ్చదనం తగిలేదాకా కోసుకుంటూ రండి. కాపు అయిపోవచ్చిన పాత బెండ, గోరుచిక్కుడు మొక్కల మీద మాత్రం ఈ శ్రమ పెట్టొద్దు. పీకేసి కొత్త గింజలు వేసుకోండి, జూన్‌లో వేసిన బెండ 45, 50 రోజుల్లో కాయ ఇస్తుంది.