కాన్పుకు ముందే మనవాళ్ల రక్తం: ఒక రక్తనిధి సేవపై నా అనుభవం

మాయ బాగా కిందికి ఉందనీ, కాన్పు సమయంలో రక్తస్రావం ఎక్కువ కావచ్చనీ స్కానింగులో తేలిన రోజు నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే పట్టు. రక్తం ఎక్కించవలసి వస్తే ముక్కూమొహం తెలియనివారిది వద్దు, మనవాళ్లదే కావాలి. ఆ కోరికతోనే, సిజేరియన్‌కు పేరు నమోదు చేయించుకున్న ఆసుపత్రిలోని రక్తనిధికి వెళ్లాము.

మావారు చొక్కా చేయి మడుచుకుని ముందుకు వస్తే, అక్కడి వైద్యురాలు వారించారు. "అమ్మా, ఇంకా పిల్లల్ని కనే అవకాశం ఉన్న భార్యకు భర్త రక్తం ఎక్కించము" అని ఆమె కారణం వివరించారు. భర్త ఎర్రకణాల మీద ఉండి భార్యకు లేని యాంటిజెన్లకు, అంటే కణాల పైన గుర్తుల్లా ఉండే పదార్థాలకు, ఆమె ఒంట్లో వాటిని ఎదిరించే యాంటీబాడీలు పుడితే, మరుసటి గర్భంలో అవి మాయను దాటి వెళ్లి, తండ్రి నుంచి ఆ యాంటిజెన్లను పుణికిపుచ్చుకున్న బిడ్డ రక్తకణాలను నాశనం చేయగలవు. గ్రూపు కలిసినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. ఈ ఒక్క మాట చెప్పినందుకే ఆ రక్తనిధిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

మా అన్నయ్య గ్రూపు కలిసింది. అయితే దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలను రోగి శరీరం పరాయివిగా గుర్తించకపోతే అవి రోగి కణజాలం పైనే దాడి చేసే ముప్పు ఉంది కాబట్టి, ఆ సంచికి తప్పనిసరిగా రేడియేషన్ ఇస్తామన్నారు. ఆ జబ్బు అరుదే గాని, వస్తే బతకడం కష్టం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు అందరు దాతలకూ చేసినట్లే అన్నయ్యకూ చేశారు. ఆరోగ్య ప్రశ్నలు అడిగేటప్పుడు మమ్మల్ని బయటికి పంపారు. అయినవాళ్ల ముందు మొహమాటంతో నిజం దాచేవారు ఉంటారు, మనవాళ్ల రక్తమే ఎక్కువ క్షేమమన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పారు.

సమయం విషయంలోనూ వారి లెక్క సరిగ్గా ఉంది. ఎర్రకణాలు, నిల్వకు వాడే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి, రేడియేషన్ ఇచ్చాక ఆ గడువు 28 రోజులకు మించదు. అందుకే మరీ ముందుగా తీసుకోకుండా, ఆపరేషన్‌కు మూడు వారాల ముందు అన్నయ్యను పిలిచారు.

లోపమంతా వార్డులో కనిపించింది. చేరిన రోజు డ్యూటీ సిస్టరుకు నా పేరిట రక్తం ఉన్న సంగతే తెలియదు. సంచి మీద ఉన్నది పాత ఓపీ నంబరు, నా చేతి పట్టీ మీద ఉన్నది కొత్త నంబరు. ఆమె ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసి, కలవడం లేదని వెనక్కి పంపారు. ఆమె చేసినది ముమ్మాటికీ సరైన పనే. కానీ దాన్ని సరిదిద్దడానికి గంటకు పైగా పట్టింది. ఈ సేవ కోరేవారు ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ రెండు నంబర్లనూ రక్తనిధిలో కలిపించుకోవాలి.

ఆపరేషన్‌లో నాకు మూడు యూనిట్లు ఎక్కించారు. మొదటిది అన్నయ్యది. మిగిలిన రెండూ ఆసుపత్రి నిల్వలోవి. ఇచ్చినవారెవరో నాకు తెలియదు, వారికి నేను ఋణపడి ఉన్నాను.